రెఫరెన్స్ రేంజ్‌లో అమ్మ

రక్తపరీక్ష రిపోర్టులో మూడు కాలమ్స్ ఉంటాయి. మొదటిది పరీక్ష పేరు, రెండోది మన అంకె, మూడోది ‘నార్మల్’ ఎంతో చెప్పేది. మనం చదివేది రెండోదాన్ని, నమ్మేది మూడోదాన్ని. మన అంకె ఆ హద్దుల మధ్య పడితే కాగితం మడిచి ఫైల్లో పెట్టేస్తాం. పడకపోతే గూగుల్ తెరుస్తాం. ఆ మూడో కాలమ్ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ.

అది తయారయ్యే పద్ధతి నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి సులువుగానే అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న కొంతమందిని ఎంచుకుంటారు. ఒక్కో గుంపుకి కనీసం 120 మంది ఉండాలని ల్యాబుల మార్గదర్శకాలు చెప్తాయి. వాళ్ల రక్తంలో ఆ పదార్థం ఎంతుందో కొలిచి, అంకెల్ని వరసలో పేర్చి, కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం తీసేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతమే రెఫరెన్స్ రేంజ్. అంటే ప్రతి ఇరవైమంది ఆరోగ్యవంతుల్లో ఒకరు లెక్కప్రకారమే దాని బయట ఉంటారు. ఒకదాంతో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయించుకుంటే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక్కదాంట్లో తేడా కనబడే అవకాశం 64 శాతం.

ఇంతవరకూ గణితం. అసలు చిక్కు ఆ 120 మంది దగ్గర మొదలవుతుంది. వాళ్లెవరు? ఆడవాళ్లా, మగవాళ్లా? వయసెంత? ఏం తిని వచ్చారు? కథ చదివేటప్పుడు ‘ఇది ఎవరి గొంతు’ అని అడగడం అలవాటైన వాళ్లం కదా మనమంతా. ఆ ప్రశ్నని ల్యాబ్ రిపోర్టుకీ వేయొచ్చని నాకు అమ్మ రిపోర్టు చూశాక తోచింది. అమ్మ దగ్గరికి వచ్చేముందు కొంచెం అమైనో ఆమ్లాల గురించి చెప్పాలి. ఎందుకంటే ఆడ, మగ, వయసు అనే మూడు మాటలు రక్తం మీద ఎంత స్పష్టంగా రాసి ఉంటాయో అక్కడే బాగా కనబడుతుంది.

మనం తిన్న పప్పు, పెరుగు, చేప ఏదైనా కడుపులో విడిపోయి చివరికి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి చేరతాయి. ప్రోటీన్ల తయారీకి శరీరం వాడే ఇటుకలు ఇరవై రకాలు. రక్తం వాటికి గోదాం మాత్రం కాదు. అది రోడ్డు. గోదాం కండలో ఉంది. రాత్రి భోజనం అయ్యాక పొద్దున్న కాఫీ దాకా మనమేమీ తినకపోయినా రక్తంలో ఈ అంకెలు పెద్దగా పడిపోవు. కారణం, కండ తనలోని ప్రోటీన్‌ని కొంచెం కరిగించి అలనిన్, గ్లూటమిన్ రూపంలో రోడ్డెక్కిస్తుంది. కాలేయం అలనిన్‌ని తీసుకుని గ్లూకోజు చేసి మెదడుకి పంపిస్తుంది. తిన్నాక మళ్లీ కండ పూడుతుంది. తినేది చాలకపోతే పూడదు. అప్పుడు కూడా చాలాకాలం రక్తంలో అంకె నార్మల్‌గానే కనబడొచ్చు. తరిగేది కండ. ఇంట్లో ఒకరు తమ వాటా తగ్గించుకుంటూ నెల బడ్జెట్‌ని సరిగ్గా చూపించినట్టు.

ఇప్పుడు ఆడా మగా తేడా. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అని మూడు శాఖల అమైనో ఆమ్లాలున్నాయి. జిమ్‌కి వెళ్లేవాళ్లు డబ్బాల్లో కొనుక్కునేవి ఇవే. మగవాళ్ల రక్తంలో సగటున ఇవి ఎక్కువ. ఆడవాళ్లలో గ్లైసిన్ ఎక్కువ. చిన్నపిల్లల్లో ఆడా మగా తేడా పెద్దగా ఉండదు. యుక్తవయసులో హార్మోన్లూ కండా మారాక తేలుతుంది. గర్భం వచ్చాక చాలా అమైనో ఆమ్లాలు రక్తంలో తగ్గుతాయి. బిడ్డ కోసం మళ్లింపు మొదలవుతుంది, రక్తం పరిమాణం కూడా పెరుగుతుంది. మామూలు రోజుల్లో తక్కువ అనిపించే అంకె అప్పుడు నార్మల్. హోమోసిస్టీన్ అని ఇంకోటుంది. ప్రోటీన్లలో ఉండదు గాని మిథియోనిన్ వాడకంలో మధ్యలో పుడుతుంది. మగవాళ్లలో కొంచెం ఎక్కువ. వయసుతో పెరుగుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగాక ఇంకా పెరుగుతుంది. బీ12, ఫోలిక్ యాసిడ్ తక్కువైతే మరీ పెరుగుతుంది.

వయసుతో వచ్చే మార్పుల్లో మూత్రపిండానిది పెద్ద చెయ్యి. మూత్రపిండం వడపోసే జల్లెడ మాత్రమే అనుకుంటాం గాని దానికి వంట పని కూడా ఉంది. సిట్రులిన్‌ని తీసుకుని ఆర్జినిన్ చేస్తుంది. ఫినైల్‌అలనిన్‌ని కొంత టైరోసిన్‌గా మారుస్తుంది. అది నీరసిస్తే రక్తంలో సిట్రులిన్ పేరుకుంటుంది, టైరోసిన్ తగ్గుతుంది. అంటే అమైనో ఆమ్లాల జాబితా చదవడం వచ్చినవాళ్లకి అందులో మనిషి వయసు, కండ, తిండి, మూత్రపిండాల పని ఒకదాని మీద ఒకటి రాసినట్టు కనబడతాయి. ఈ అక్షరాలన్నీ విడదీసి చదివే యంత్రాన్ని 1958లో స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్, స్పాక్‌మన్ కలిసి తయారుచేశారు. మూర్, స్టైన్‌లకు 1972లో నోబెల్ వచ్చింది.

మనలో చాలామంది అమైనో ఆమ్లాల పరీక్ష ఎప్పటికీ చేయించుకోం. కానీ వాటి సంతానంలో ఒకదాన్ని దాదాపు ప్రతి రిపోర్టులోనూ చూస్తాం. అది క్రియాటినిన్. ఆర్జినిన్, గ్లైసిన్ కలిసే మొదటి మెట్టు ఎక్కువగా మూత్రపిండంలో జరుగుతుంది. ఆ తర్వాత కాలేయంలో మిథియోనిన్ నుంచి ఒక ముక్క వచ్చి చేరితే క్రియాటిన్ అవుతుంది. అది వెళ్లి కండలో కాపురం పెడుతుంది. అందులో రోజుకి నూటికి దాదాపు రెండు పాళ్లు తనంతట తానే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. మూత్రపిండం దాన్ని వడపోసి పంపేస్తుంది. కాబట్టి రక్తంలో ఉన్న అంకెకి రెండు తాళ్లు కట్టి ఉన్నాయి. ఒకటి కండ పట్టుకుని లాగుతుంది, ఇంకోటి మూత్రపిండం. మనం మాత్రం ఆ అంకెని మూత్రపిండాల పరీక్ష అనే పిలుస్తాం.

పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ నారింజరంగు తిరుగుతుందని 1886లో మ్యాక్స్ యాఫె చెప్పాడు. 1904లో ఆటో ఫోలిన్ ఆ రంగుని కొలిచి అంకె చేశాడు. ఒక మనిషి మూత్రంలో రోజూ పోయే క్రియాటినిన్ ఇంచుమించు స్థిరంగా ఉంటుందని, మనిషికీ మనిషికీ మాత్రం మారుతుందని మరుసటేడాదే గమనించాడు. ఈ గమనిక గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. ఆ ఫోలిన్ నడిపిన హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలోకే 1920లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వెళ్లి చేరాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. 1927లో కండలో క్రియాటిన్ ఒక ఫాస్ఫేటుని మోసుకుని ఉంటుందని ఇద్దరూ చూపించారు. కండ ఉన్నట్టుండి బరువెత్తాల్సి వచ్చినప్పుడు ఖర్చుపెట్టే చిల్లర అదే. మన పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు మందుల మనిషిగా ఉంటాడు. నాకు మాత్రం ఆయన కండ లెక్క చూసిన మనిషిగా ఎక్కువ ఇష్టం.

ఇక అమ్మ. మాది అరసవల్లి. గుడి వెనక వీధుల్లో ఒకదాంట్లో ఇల్లు. మా ఊళ్లో ఆదివారం అంటే సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం, మా ఇంట్లో నీచు లేని వంట. అమ్మ చాలా ఆదివారాలు పొద్దున్న ఏమీ ముట్టదు. రక్తం ఇచ్చింది సోమవారం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, వండిన మాంసం తింటే కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పైకి లేస్తుంది. అమ్మ విషయంలో ఆ సందేహానికి చోటు లేదు.

క్రియాటినిన్ 1.1. పక్కన ఆడా మగా తేడా లేకుండా ఒకే రేంజ్, 0.6 నుంచి 1.4. అమ్మ వయసు 61, బరువు 48 కిలోలు. రిపోర్టులో ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు.

“ఏటిరా అలగ సూస్తన్నావు? అన్నీ బాగున్నాయనే రాసినారు గదా” అంది అమ్మ.

నార్మల్ అని ఊరుకోకుండా ఆ అంకెని ఫార్ములాలో వేసి చూశాను. మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేసే లెక్క అది. ఈజీఎఫ్ఆర్ అంటారు. 2021లో సవరించిన రూపంలో క్రియాటినిన్‌తో పాటు మరో రెండు విషయాలే అడుగుతుంది, వయసు, ఆడా మగా. అంతకుముందు నల్లజాతి వాళ్లకి వేరే గుణకం ఉండేది. దాన్ని తీసేశారు. వయసు వాటా 0.9938, అంటే ఏడాదికి ఆరు పైసలకి కొంచెం పైన అరుగుదల, పది రూపాయల మీద. మగవాడికి క్రియాటినిన్‌ని 0.9తో పోలుస్తుంది, ఆడమనిషికి 0.7తో. కండ తేడా ఆ రెండు అంకెల్లో దాగుంది.

అదే 1.1ని మా ముగ్గురికీ వేశాను. నా వయసు 34, మగ: 90. నాన్న వయసు 66, మగ: 74. అమ్మ వయసు 61, ఆడ: 57.

ఒకే అంకె. ఒకే కాగితం మీద అయితే ముగ్గురమూ నార్మల్. ఫార్ములా చదివితే నేను నిక్షేపంగా ఉన్నాను, నాన్న వయసుకి తగ్గట్టు ఉన్నాడు, అమ్మ 60 గీతకి దిగువన ఉంది. ఆ గీత కింద మూడు నెలలకి పైగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కింద లెక్క. ఇంకో మాట, ఫార్ములా ‘సగటు ఆడమనిషి’ కండని ఊహించుకుని ఇచ్చిన అంకె ఇది. అమ్మది సగటు కండ కూడా కాదు. కండ తక్కువైతే క్రియాటినిన్ పుట్టుక తక్కువ. అప్పుడు అసలు వడపోత ఆ 57 కంటే కూడా తక్కువ ఉండొచ్చు.

ఆడవాళ్ల శరీరం ఇలా మగవాళ్ల లెక్కకి చివర తగిలించిన సవరణగా రావడం కొత్తేమీ కాదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ఇద్దరూ ఇచ్చిన ప్రసిద్ధ ఫార్ములా ఉంది. మందుల మోతాదు చూడటానికి ఇప్పటికీ వాడతారు. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించి, అలా సాగుతుంది. దాన్ని వయోజన పురుషుల కోసమని తయారుచేసి, ఆడవాళ్లకైతే పదిహేను శాతం తగ్గించుకోమన్నారు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మన పాత నవలల్లో ఆడపాత్రలు గుర్తొచ్చాయి. నాయకుడి కథంతా నడిచాక మిగిలిన చోటులో, అతనికి కొంచెం తక్కువగా.

మన దగ్గర అధికారికంగా ‘రెఫరెన్స్ ఉమన్’ కూడా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం ఆమె వయసు 19 నుంచి 39 మధ్య, బరువు 55 కిలోలు. ఆమె పక్కన రెఫరెన్స్ మ్యాన్ 65 కిలోలు. రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని లెక్క. అతనికి 54 గ్రాములు, ఆమెకి దాదాపు 46. ఏ కొలతకైనా ఒక మనిషిని ఊహించుకోక తప్పదు, అందులో తప్పు లేదు. కానీ మా అమ్మ ఆమె కాదు. ఈ లెక్కన అమ్మకి 40 గ్రాములు కావాలి. సెలవులో ఇంటి దగ్గరున్న వారం రోజులు ఆమె పళ్లెం చూస్తూ మనసులో కూడాను. పొద్దున్న చోడి అంబలి. మధ్యాహ్నం అందరికీ వడ్డించాక పప్పు గిన్నెలో అడుగున ఉన్నది. చేప వండిన రోజు పులుసు. రాత్రి మజ్జిగన్నం. ఏ రోజూ ముప్ఫై దాటలేదు. 

“ముక్క తినమ్మా” అంటే “నాకు పులుసైతే సాల్నే” అంటుంది. చిన్నప్పుడు అది అమ్మ ఇష్టం అనుకునేవాళ్లం అందరం, ఆమెతో సహా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రిపోర్టు కంటే ముందు అమ్మ చేతుల్ని చూశాడు. పిడికిలి బిగించమన్నాడు. ఏమేం మాత్రలు వేసుకుంటారని అడిగాడు. బీపీ లేదు, షుగర్ లేదు, మాత్రలేమీ లేవంది అమ్మ. మోకాళ్లకి ఏమీ వేసుకోరా అని మళ్లీ అడిగితే, “అవా? అవి నొప్పికి గదా బాబూ” అంది. మూడేళ్లుగా వారానికి నాలుగైదు డైక్లోఫెనాక్. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చేవి. మూత్రపిండానికి వెళ్లే రక్తనాళాన్ని తెరిచి ఉంచే సంకేతాల్ని ఈ మాత్రలు ఆపేస్తాయి. పాతికేళ్ల వాడు పంటినొప్పికి నాలుగు రోజులు వేసుకుంటే ఏమీ కాకపోవచ్చు. నీళ్లు తక్కువ తాగి, ఎండలో తిరిగి, ఉపవాసాలుండే 48 కిలోల మనిషి విషయం వేరు.

మాత్రలు ఆపేయమన్నాడు. నీళ్లు తాగమన్నాడు. పప్పు, గుడ్డు మానక్కర్లేదు, ఆమె వయసుకీ బరువుకీ తగినంత తినాలన్నాడు. కిడ్నీ అనగానే ఇంట్లోవాళ్లు ముందు ఆపేసేది ప్రోటీనేనని, అసలే తక్కువ తినే ఆడవాళ్ల విషయంలో తనని అడక్కుండా ఆ పని చెయ్యొద్దని నాకు విడిగా చెప్పాడు. మూత్రంలో ప్రోటీన్ పోతోందా చూశాడు, పోవట్లేదు. సిస్టాటిన్ సీ అనే ఇంకో పరీక్ష రాశాడు. అది కండ మీద కాకుండా దాదాపు అన్ని కణాల్లోంచీ పుట్టే చిన్న ప్రోటీన్. కాబట్టి కండ తాడు లాగే గొడవ తక్కువ. శాంపిల్ విశాఖపట్నం వెళ్లింది. అదీ ఇంచుమించు ఫార్ములా చెప్పిన మాటే చెప్పింది.

శ్రీకాకుళం జిల్లాలో ‘కిడ్నీ’ అన్న మాట ఇంట్లో వినబడితే మొదట గుర్తొచ్చేది ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి తోటల పచ్చటి తీరం. 1990ల నుంచి అక్కడ షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ అని ఒక్క కారణం ఇంతవరకూ తేలలేదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందిలో వ్యాధి కనబడింది. అందులో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ లేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మా అమ్మకి ఉన్నది ఆ వ్యాధి అని నేననట్లేదు. అక్కడ ఊరూరా శిబిరం పెట్టి మొదట కొలిచే అంకె కూడా ఈ క్రియాటినినే అన్నది నా ఆలోచన.

జీడి తోటల్లో పనిచేసే, సన్నగా ఎండిన మనుషుల్ని ఆ అంకెతో కొలుస్తున్నాం. ఆ ఫార్ములాలు ఎక్కువగా అమెరికా, యూరప్ మనుషుల రక్తం మీద తయారయ్యాయి. మన దేశంలో మూత్రపిండాల పనిని నేరుగా కొలిచి చూసిన అధ్యయనాల్లో, క్రియాటినిన్ ఫార్ములాలు మనవాళ్ల వడపోతని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. కండ తక్కువ, మాంసం తక్కువ. పేదరికం అంకెని అందంగా కనబడేట్టు చేస్తుంది. అందులోనూ ఆడమనిషి అయితే, వయసు మళ్లినదైతే, ఇంకా అందంగా. ఎవరికి అందరికంటే ముందు హెచ్చరిక అందాలో వాళ్ల కాగితం మీదే ఎర్ర అక్షరం అందరికంటే ఆలస్యంగా పడుతుంది.

దీనికి మందు పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ కూడా అచ్చువేస్తే సగం పని అయిపోతుంది. చాలా ల్యాబుల్లో వేస్తున్నారు. వేయని చోట వయసు, ఆడా మగా చెప్పి అడగొచ్చు. మిగతా సగం ఫోలిన్ ఎప్పుడో గమనించిన సంగతిలో ఉంది. ఒకే మనిషిలో క్రియాటినిన్ రోజురోజుకీ పెద్దగా మారదు, మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. అలాంటి పదార్థానికి పదిమందితో పోల్చే రేంజ్ మొద్దు కొలత. 0.7 ఉండే మనిషికి 1.1 వస్తే అది రేంజ్ లోపలే ఉంటుంది. ఆమె లోపల మాత్రం చాలా జరిగి ఉంటుంది. కాబట్టి అమ్మానాన్నల పాత రిపోర్టులు పారేయకండి. నార్మల్ అని ఉన్నవి ముఖ్యంగా.

మా బీరువాలో వెతికితే అమ్మవి రెండే దొరికాయి. ఎనిమిదేళ్ల కిందట గర్భసంచి ఆపరేషన్‌కి ముందు తీసినది ఒకటి, 0.7. మొన్నటిది, 1.1. నాన్నవి మాత్రం ఏడాదికొకటి చొప్పున ప్లాస్టిక్ కవర్లలో పద్నాలుగున్నాయి. మాత్రలు మానేసిన నాలుగు నెలలకి మళ్లీ తీయించాను. 1.0. ఫార్ములాలో 64. ఆ 0.1లో మాత్రల వాటా ఎంత, ల్యాబ్ తేడా ఎంత అని ఒక్క పరీక్షతో చెప్పలేం.

“ఒక్క పాయింటుకి ఇంత హడావిడేటిరా” అంది అమ్మ.

ఒక ఎక్సెల్ షీటు చేశాను. తేదీ, వయసు, బరువు, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, మోకాళ్ల నొప్పికి ఏం వాడింది, ముందురోజు ఏం తింది. రెఫరెన్స్ రేంజ్ అన్న కాలమ్ పెట్టలేదు. మొదటి వరసలో ఉన్న 0.7 చాలు. అమ్మని పోల్చడానికి నాకు అంతకంటే దగ్గరి మనిషి ఎవరూ కనబడలేదు.